నలభై తొమ్మిదో నిమిషం

పోయిన వారం మిమ్మల్ని మెట్ల మధ్యలో నిలబెట్టి వెళ్ళిపోయాను. తిట్టుకునే ఉంటారు. ఐదో రోజు టేకు డెబ్బై ఒకటో నిమిషం దాకా సాఫీగా వచ్చింది. అప్పుడు పెద్దమ్మ ఉన్నట్టుండి మాట మరిచిపోయింది. నోరు సగం తెరిచి, నాలుగో అంతస్తుకి వెళ్ళే మెట్ల మీద కొయ్యబారిపోయింది. కింద మానిటర్ ముందున్న మాస్టారు "ఆపండి" అని పెట్టిన కేక భవనమంతా వినిపించింది. అందరి ముందూ ఆవిడని నానా మాటలూ అన్నారు. ఆవిడ తల వంచుకుని విన్నది.

ఈ వారమే చేతికందినవాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి. మా మాస్టారు తీస్తున్న సినిమాలో కోత ఉండదు. తొంభై రెండు నిమిషాల కథ మొదటి నుంచి చివరి దాకా ఒకే టేకు. ఎక్కడ తెగినా మళ్ళీ మొదటి నుంచే. నాలుగంతస్తుల భవనం, కింద ఒక కుట్టుమిషన్ల కొట్టు. ఆ కొట్టు నడుపుకునే తల్లికి (ఆ వేషం వేసేదే పెద్దమ్మ, ఆవిడని మేమంతా అలాగే పిలుస్తాం), తన కొడుకు బండితో ఒక మనిషిని గుద్ది పారిపోయి వచ్చి డాబా మీద దాక్కున్నాడని తెలుస్తుంది. నాతో స్టేషన్‌కి వచ్చి వాడు పారిపోయి రావడం మీరు చూశారని చెప్పండి అని అడుగుతూ ఒక్కో అంతస్తూ ఎక్కి ఒక్కో తలుపూ కొడుతుంది. ఎవరూ రారు. ఆవిడ ఒక్కతే డాబా ఎక్కి కొడుకుని చూసేసరికి ఆకాశంలో వెలుగు పోతూ ఉండాలి. వెలుగు రోజుకి ఒక్కసారే పోతుంది కనక మాకు రోజుకి ఒక్క టేకే. సాయంత్రం నాలుగూ పదికి మొదలు.

భవనంలో కాపురముంటున్నవాళ్ళని ఆరు రోజులకని ఒప్పించి లాడ్జికి పంపించాం. ఐదు రోజులు మట్టికొట్టుకుపోయాయి. ఏడో రోజు పొద్దున్నే వాళ్ళు పెట్టేబేడా పట్టుకుని దిగిపోతారు. ఆరో రోజు టేకు తెగితే ఇక సినిమా లేదు.

ఇందులో నా ఉద్యోగమేమిటంటే, మా అన్నయ్య వెనక నడవడం. కెమెరా మోసేది అన్నయ్య. మెట్లెక్కి వస్తున్న పెద్దమ్మ ముఖం కెమెరాలో కనిపించాలంటే అతను ఆవిడకి ఎదురుగా, వెనక్కి వెనక్కి ఎక్కాలి. వెనక ఏముందో అతనికి కనపడదు. అందుకని నా కుడి అరచెయ్యి అతని నడుం మీద ఆనించి ఉంచుతాను. వేలితో ఒకసారి తడితే మెట్టు, రెండుసార్లు తడితే మలుపు. మాటలు అక్కడికక్కడే రికార్డవుతాయి కాబట్టి మేం నోరు విప్పడానికి లేదు. గంటన్నరసేపు నోరు మూసుకోవడం నాకెంత శిక్షో మా వదినని అడగండి, చెబుతుంది.

ఆరో రోజు పొద్దున మాస్టారు కాగితాల మీద ఎర్ర పెన్సిల్‌తో వచ్చారు. సినిమాల్లోకి రాకముందు ఆయన లెక్కల మాస్టారు, ఆ పెన్సిల్ అలవాటు ఇంకా పోలేదు. పెద్దమ్మ మాట మరిచిపోయిన చోట ఆవిడకి రెండు పేజీల మాటలున్నాయి. వాటిని అడ్డంగా కొట్టేశారు. "ఆ మెట్లు మౌనంగా ఎక్కితే చాలు" అని ఆవిడ చేతికి ఇచ్చి, ముఖం వైపు చూడకుండా వెళ్ళిపోయారు. నలభై ఏళ్ళు స్టేజి మీద బతికిన మనిషికి ఇది మొదటి సినిమా. ఆ రెండు పేజీల కోసమే ఒప్పుకున్నానని ఆవిడ మొదటి రోజే మాతో చెప్పింది. కాగితాలు మడిచి చేతిసంచిలో పెట్టుకుంది.

నాకు వేరే బెంగ ఉంది. నిన్న ఆ మెట్ల దగ్గర నా నీడ గోడ మీద పడిందేమోనని అనుమానం. రెండుంబావుకి అందరూ భోజనాలకి కూర్చున్నప్పుడు మానిటర్ గదిలోకి వెళ్ళి నిన్నటి రికార్డింగు పెట్టుకున్నాను. చివరి నిమిషం మూడుసార్లు చూశాను. నీడ లేదు. హమ్మయ్య అనుకుని కట్టేయబోతూ ఎందుకో నాలుగోసారి చూశాను, ఈసారి గోడని కాకుండా మిగతాదంతా.

మెట్ల పక్క కటకటాలు బొమ్మలో నిటారుగా ఉండాలి. పెద్దమ్మ మాట మరిచిపోవడానికి ఆరు సెకన్ల ముందు అవి పక్కకి వాలడం మొదలుపెట్టాయి. బొమ్మ ఎడమవైపు నెమ్మదిగా కుంగిపోతోంది. పెద్దమ్మ మాట్లాడుతూనే ఉంది. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆవిడ కళ్ళు లెన్సు పక్కనుంచి కిందికి దిగాయి, కెమెరా ఎడమ పిడి వైపు. అక్కడ ఏదో చూసింది. తర్వాతే నోరు ఆగింది.

మళ్ళీ పెట్టి చూశాను. ఆవిడ మరిచిపోలేదు. ఆపేసింది.

ఎడమ పిడి పట్టుకునేది అన్నయ్య ఎడమ చెయ్యి.

అన్నయ్య కింద కుట్టుమిషన్ల కొట్టులో ఒక్కడే ఉన్నాడు. అది సెట్టు కోసం సర్దిన కొట్టే అయినా మిషన్లు నిజంగా తిరుగుతాయి, దారాలు, గుండీలు అన్నీ నిజమైనవే. ప్లాస్టిక్ బకెట్లో వేణ్ణీళ్ళు పోసుకుని ఎడమ చెయ్యి మోచేతి దాకా ముంచుకుని కూర్చున్నాడు. నన్ను చూసి చెయ్యి బయటికి తీయబోయాడు.

"ఏంటే, తిన్నావా?" అన్నాడు.

"కళ్ళు మూసుకో."

"ఇప్పుడు ఆటలేంటి?"

"మూసుకోమన్నానా. ఎడం చెయ్యి చాపు. చేతిలో ఏం పెట్టానో చెప్పు."

నవ్వుతూనే కళ్ళు మూసుకుని చెయ్యి చాపాడు. నేను బల్ల మీద గుండీల డబ్బాలో చెయ్యి పెట్టి గలగలలాడించాను. వేళ్ళు మెల్లగా ముడిచాడు.

"గుండీ," అన్నాడు. "పెద్దది. కోటుకి కుట్టేది."

"నేనింకా ఏమీ పెట్టలేదు అన్నయ్యా."

కళ్ళు తెరిచి ఖాళీ అరచేతిని చూసుకున్నాడు. నవ్వు పోయింది. అంత పెద్ద మనిషి చిన్నపిల్లాడిలా ముఖం అటు తిప్పేసుకున్నాడు. నాకు ఏడుపు ఆగలేదు, దాని వెనకే కోపం కూడా ఆగలేదు.

"నిన్న మాస్టారు ఆవిడని అన్ని మాటలంటుంటే పక్కన నిలబడి విన్నావు కదా! వింటూ ఎలా ఉన్నావు? నీకు నోరు లేదా?"

"నోరు తెరిస్తే కెమెరా ఇంకొకరికి ఇస్తారు."

"ఇవ్వనీ!"

"ఇవ్వనీయా?" లేచి నిలబడ్డాడు. "ఇరవై రెండేళ్ళు నేనేం తీశానే? ఊళ్ళో వాళ్ళ ఫంక్షన్లు తీశాను. కేకు కోస్తుంటే తీశాను, దుకాణాల ప్రారంభోత్సవాలకి రిబ్బను కత్తిరిస్తుంటే తీశాను. వాళ్ళయినా మళ్ళీ పెట్టుకుని చూశారో లేదో. మొదటిసారి ఒక మనిషి నన్ను పిలిచి, ఈ కథ నీ కాళ్ళతో చెప్పాలి అన్నాడు. ఈ ఒక్కరోజే. ఈ ఒక్కరోజు నువ్వు నోరు మూసుకో. తర్వాత ఈ చెయ్యి ఉన్నా, ఊడినా..."

"ఎప్పటినుంచి?"

ఆ మాట నేనన్నది కాదు. గుమ్మంలో మాస్టారు నిలబడి ఉన్నారు. ఆయన వెనక పెద్దమ్మ. నా అరుపులు భోజనాల దాకా వినిపించి ఉంటాయి. నోరు మూసుకోవడం ఎలాగూ నా వల్ల కాదని చెప్పానుగా.

అన్నయ్య నేల చూస్తూ చెప్పాడు. "మూడు నెలలు. గంట దాటితే మొద్దుబారుతుంది. కాసేపటికి మళ్ళీ వస్తుంది."

"డాక్టర్‌కి చూపించావా?"

"మెడలో నరం నలుగుతోందట. బరువు ఎత్తకుండా ఉంటే నయమవుతుందన్నాడు."

"ఎత్తితే?"

"ఎత్తితే ఏమవుతుందో నేనడగలేదండీ."

మాస్టారి ముఖం పాలిపోయింది. ఇంతవరకూ ఆయన కోప్పడగా చూశాం, విసుక్కోగా చూశాం. భయపడగా చూడడం అదే మొదటిసారి. పెద్దమ్మ వైపు తిరిగి, "మీకు తెలుసా?" అన్నారు.

"నిన్ననే చూశాను. వేళ్ళు పిడి మీద ఉన్నాయి గానీ పట్టు లేదు."

"మరి నాకెందుకు చెప్పలేదండీ? మిమ్మల్ని అన్ని మాటలన్నాను! మతిమరుపు మనిషిని తెచ్చి నెత్తిన పెట్టుకున్నానన్నాను!"

"అన్నారు," అంది పెద్దమ్మ మామూలుగా. "స్టేజి మీద ఎవరైనా తడబడితే పక్కనున్నవాళ్ళం అది మా మీద వేసుకుంటాం బాబూ. కుర్రాడు మాట మరిచిపోతే నేనే మరిచినట్టు తల కొట్టుకుని వాడికి మాట అందిస్తాను. నాటకం నడిచిపోతుంది. నలభై ఏళ్ళ అలవాటు, నోరు దానంతటదే ఆగిపోయింది. ఇక్కడ ఆగితే మొత్తం పోతుందని ఆ క్షణంలో తోచలేదు." నా వైపు చూపించింది. "తోచినా ఆపేదాన్నేమో. అంత బరువుతో అతను వెనక్కి పడితే కింద నలిగేది ఈ పిల్ల."

నాకు ఆవిడ కాళ్ళ మీద పడాలనిపించింది. ఐదు రోజులుగా ఆవిడ ముసలితనం మీద అందరితో పాటు నేనూ గుసగుసలాడాను. అది ఇక్కడ రాస్తున్నందుకు నాకు సిగ్గుగానే ఉంది.

మాస్టారు మిషను ముందున్న ముక్కాలిపీట మీద కూలబడ్డారు. గడియారం రెండూ నలభై చూపిస్తోంది. "అయితే అయిపోయింది," అన్నారు. "ఎనభై ఎనిమిది మెట్లు, పదకొండు మలుపులు. ఏ తలుపు ముందు ఎంతసేపు ఆగాలో, ఎక్కడ వంగాలో... ఇప్పుడు ఏ కెమెరామాన్ని తెచ్చినా గంటన్నరలో ఆ దారి నేర్చుకోలేడు. పెద్దమ్మా, నన్ను క్షమించండి. అందరినీ పిలిచి చెప్పేస్తాను."

"దారి తెలిసినవాళ్ళు ఇంకొకరున్నారు కదా," అంది పెద్దమ్మ. "రోజూ ఇతనికంటే ఒక అడుగు ముందు వెనక్కి నడుస్తున్నది ఎవరు?"

ముగ్గురూ నా వైపు తిరిగారు.

నేను కెమెరా అసలు ఎత్తలేదని కాదు. ఎత్తాను, పెట్టెలోంచి తీసి అన్నయ్యకి అందించడానికి. పదకొండు కిలోలు. తొంభై రెండు నిమిషాలు నేను మోయలేనని నాకూ తెలుసు, వాళ్ళకీ తెలుసు. కానీ అన్నయ్య చెయ్యి ఒక గంట పని చేస్తుంది. మిగిలిన అరగంటకి ఇంకో జత చేతులుంటే చాలు. మాస్టారు ఎర్ర పెన్సిల్ తీసి కాగితం వెనక లెక్క మొదలుపెట్టారు. యాభై ఎనిమిదో నిమిషంలో మూడో అంతస్తులో ఒక తలుపు ఆ తల్లి ముఖం మీద ధడేలున పడుతుంది. మూసిన తలుపుని కెమెరా పది సెకన్లు కదలకుండా చూస్తుంది. సమతలం, వెడల్పాటి వసారా. మార్చుకుంటే అక్కడే మార్చుకోవాలి.

అన్నయ్య చంకల కింద నుంచి చేతులు పోనిచ్చి నేను రెండు పిడులూ పట్టుకోవాలి. నా పట్టు కుదరగానే అతను ఉన్నచోటే గొంతుక్కూర్చుని గోడవైపు జారుకోవాలి. ఆపైన నా వెనకకి వచ్చి, బాగున్న కుడిచెయ్యి నా నడుం మీద పెట్టి నడిపించాలి. మూడుసార్లు చేసి చూశాం. మొదటిసారి నా మోచెయ్యి అతని చెవికి తగిలింది. రెండోసారి కెమెరా పైకప్పుని చూసింది. మూడోసారి బొమ్మ కొద్దిగా వణికిందంతే. "ఏడ్చే మనిషి చూపు కూడా అలాగే వణుకుతుంది, ఫరవాలేదు," అన్నారు మాస్టారు. ఆయన అబద్ధమాడుతున్నారని నలుగురికీ తెలుసు.

వెళ్ళబోతూ మాస్టారు, పెద్దమ్మ చేతిసంచిలోంచి ఆ రెండు పేజీలూ అడిగి తీసుకున్నారు. కొట్టివేత మీద పెద్ద అక్షరాలతో 'ఉంచాలి' అని రాసి, రెండు చేతులతో ఆవిడకి తిరిగి ఇచ్చారు.

మూడూ నలభైకి నేను అన్నయ్యతో ఒక్క మాటే అన్నాను. "ముందే మొద్దుబారితే?"

"బారదు."

"నిన్న గంటకి పైగా మోసిన అలుపు కూడా ఆ చేతి మీదే ఉంది కదా."

"బారదన్నానా."

నాలుగూ పదికి మొదలైంది.

ఎలా చెప్పను? ఆ రోజు పెద్దమ్మ నటించలేదు. కొట్టులో మిషను తొక్కుతూ, కొడుకు చొక్కా మీద మరక చూసి, తొక్కుతున్న కాలు ఆపిన తీరుకే నాకు ఒళ్ళంతా గగుర్పొడిచింది. మొదటి అంతస్తులో తలుపు తీసినావిడ ముఖం మీదే నవ్వి పంపించింది. రెండో అంతస్తులో టీవీ చూస్తున్న ముసలాయన వినపడనట్టు శబ్దం పెంచాడు. ప్రతి తలుపు దగ్గరా ఆవిడ గొంతు కాస్త కాస్త తగ్గుతోంది. పన్నెండు, ఇరవై మూడు, ముప్పై ఎనిమిది. నిమిషాలు నా తలలో నడుస్తున్నాయి. ఐదు రోజుల్లో ఇంత మంచి టేకు రాలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. పాడైపోయిన టేకు పోతే ఏడుపు రాదు.

రెండో అంతస్తు దాటి మూడో దానికి వెళ్ళే ఇరుకు మెట్లు మొదలయ్యాయి. నేను పైన, అన్నయ్య నాకొక మెట్టు కింద, అతనికి నాలుగు మెట్ల కింద పెద్దమ్మ. వేలితో తట్టాను, మెట్టు. తట్టాను, మెట్టు. నలభై తొమ్మిదో నిమిషంలో నా అరచేతి కింద అతని నడుం బిగుసుకుంది. ఎడమవైపు కండలన్నీ తాడులా లేచాయి. పట్టు పోయిన చేతి బరువునంతా నడుంతో మోస్తున్నాడు.

ఇంకా తొమ్మిది నిమిషాలుంది. పైగా మెట్లు.

అతని భుజం మీదుగా చూశాను. ఎడమ చెయ్యి పిడి మీంచి జారుతోంది. ఎవరిదో చెయ్యి తెచ్చి అక్కడ అతికించినట్టుంది. మానిటర్‌లో కటకటాలు ఈపాటికి వాలడం మొదలై ఉంటాయి. కింద మాస్టారు చూస్తూ ఉంటారు, చూస్తూ ఏమీ చెయ్యలేక.

పెద్దమ్మ కూడా చూసింది. నిన్నటిలాగే ఆవిడ కళ్ళు కిందికి దిగాయి. అయిపోయింది, ఆపేస్తుందనుకున్నాను.

ఆవిడ ఆపలేదు. మెట్టు మీద కూర్చుంది.

అది కాగితంలో లేదు. రెండు చేతులతో మోకాళ్ళు పట్టుకుని, డాబా మీదున్న కొడుకుతో మాట్లాడుతున్నట్టు తల పైకెత్తింది. "కాళ్ళు రావడం లేదురా. నీ దగ్గరికే వస్తున్నాను. కాసేపు కూర్చోనీ నన్ను," అంది.

ఆవిడ కూర్చుంటే కెమెరా కదలక్కర్లేదు. మాకోసం కూర్చుంది. మూసిన తలుపు దగ్గర దొరకాల్సిన పది సెకన్లని ఇక్కడే తెచ్చి మా చేతుల్లో పెట్టింది. నేను అన్నయ్య చంకల కింద నుంచి చేతులు పోనిచ్చాను. కుడి పిడి దొరికింది. ఎడమ పిడి దగ్గర అతని వేళ్ళు అడ్డంగా ఉన్నాయి, అతనే తీసుకోలేకపోయాడు. నేనే ఒక్కొక్క వేలూ విప్పి తీశాను. ఆ వేళ్ళు ఎంత చల్లగా ఉన్నాయో చెప్పలేను.

బరువు నా మీద పడింది. అన్నయ్య గొంతుక్కూర్చుని నా మోచేతి కింద నుంచి గోడవైపు జారాడు. బొమ్మ వణికింది, నిలబడింది. కటకటాలు నిటారుగా ఉన్నాయి. టేకు తెగలేదు. అరవాలన్నంత సంతోషం వచ్చి గొంతులోనే ఆగిపోయింది.

ఇరుకు మెట్లు కావడంతో అన్నయ్య నా వెనకకి రాలేడు. నా పక్కనే, ఒక మెట్టు కింద, గోడకి అతుక్కుని కూర్చున్నాడు. పెద్దమ్మ లేస్తే నేను వెనక్కి ఎక్కాలి, ఎవరూ నడిపించకుండా. సరే, ఎక్కుతాను, నా కాళ్ళకి తెలుసు అనుకున్నాను. ఆవిడ లేవడం కోసం చూశాను.

లేవలేదు.

ఒక చెయ్యి గోడకి ఆనించి పైకి లేవబోయి మళ్ళీ కూర్చుండిపోయింది. రెండోసారి ప్రయత్నించింది. పెదాలు తెల్లబడ్డాయి, పై పెదవి మీద చెమట మెరిసింది. ఎంత బాగా చేస్తోంది అనుకున్నాను ముందు. తర్వాత ఆవిడ ఎడమ చెయ్యి మోకాలి మీంచి జారి పక్కన పడిపోవడం చూశాను. ఇది నటనా, నిజమా? ఆవిడకి ఇంత దగ్గరగా, ముఖం నిండా కనిపించేంత దగ్గరగా ఉండి కూడా నాకు తెలియలేదు. ఆవిడ గురించి నలభై ఏళ్ళుగా జనం చెప్పుకున్నది అదే కదా, నటిస్తోందని పక్కవాళ్ళకి కూడా తెలియదని.

ఆవిడ కుడి చెయ్యి పైకి లేచింది. నేరుగా లెన్సు వైపు చాచింది.

నా రెండు చేతులూ కెమెరాకే చాలడం లేదు. ఈ కథంతా ఆ తల్లికి ఎవరూ చెయ్యి అందించకపోవడమే. ఇప్పుడు ఎవరైనా అందిస్తే నలభై తొమ్మిది నిమిషాలూ, ఆరు రోజులూ, అన్నయ్య చెయ్యీ వృథా అయిపోతాయి. ఆవిడ నిజంగానే పడిపోతూ ఉండి, అందించకపోతే? పెద్దమ్మ పెదాలు కదిలాయి. మాట బయటికి రాలేదు.

అన్నయ్య నా వైపు చూశాడు. వద్దని తల అడ్డంగా ఊపానో, అవునని ఊపానో నాకిప్పటికీ గుర్తు లేదు. అతను గోడని వదిలి లేచాడు. ఒక మెట్టు దిగాడు.

బొమ్మలో కుడి అంచున మొదట అతని భుజం కనిపించింది. కెమెరా ఆపే మీట నా బొటనవేలి కిందే ఉంది. నొక్కానో లేదో వచ్చే వారం చెబుతాను.